తిరనాళ్ళ మర్నాటి తూకం

గోతాంలో ఏం పోశారన్నది నాకు అనవసరం. అది ఇంకా ఎన్నిసార్లు పోయించుకుంటుందన్నదే నా వ్యాపారం. వాడేసిన గోనె సంచులు కొని, బాగుచేయించి, మళ్ళీ అమ్ముతాను. చిల్లి లేనిది బియ్యం మిల్లుకు పోతుంది. ఒకటి రెండు చిల్లులున్నది మాసిక వేయించుకుని మిరపకాయలకు పోతుంది. మాసికకు కూడా లొంగనిది తానే ముక్కలై మరో పది గోతాలకు మాసికవుతుంది. అక్కడా మిగిలిన పీచును కుళాయిల మేస్త్రీలు పైపుల మరలకు చుట్టడానికి పట్టుకెళతారు. ఆఖరికి దులిపినప్పుడు రాలే దుమ్ములో నాలుగు గింజలుంటే వాటి సంగతి వీధిలో కోళ్ళు చూసుకుంటాయి. పేరంపాడులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాను. ఇన్నేళ్ళలో నా కొట్టు నుంచి మునిసిపాలిటీ బండిలో పడినదేమైనా ఉంటే అవి పాత క్యాలెండర్లు. వాటినీ ఈ మధ్య మా ఆవిడ అల్మారా అరల్లో పరుస్తోంది.

దీన్ని నేను జాగ్రత్త అనుకునేవాణ్ణి. నేరమని నిరుడు జనవరి ఆఖర్లో తెలిసింది.

ఆ వేళ శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఏలియా కొట్టుకు వచ్చాడు. రోజూ వచ్చేవాడే. వచ్చి, గోతాల దొంతి మీద కూర్చుని, టీ తాగి పోతాడు. ఆ రోజు కూర్చోలేదు.

"శెట్టిగారూ, మీ పేరున నోటీసొచ్చింది. ఇక్కడ సంతకం పెట్టండి."

"నేనేం చేశానయ్యా?"

"ఏం చెయ్యలేదనే ఇచ్చారు."

చదివాను. "మీ వ్యాపార సంస్థ గత రెండు త్రైమాసికములలో ఎట్టి వ్యర్థమును ఉత్పత్తి చేయనందున, దినమునకు పన్నెండు కిలోల చొప్పున నూట ఎనభై నాలుగు దినములకు గాను రెండువేల రెండువందల ఎనిమిది కిలోల చెత్త బకాయి పడియున్నారు. ముప్పది దినములలోగా సదరు బకాయిని చెల్లించనియెడల లైసెన్సు రద్దుపరచి సంస్థకు సీలు వేయబడును."

గుణకారం సరిచూశాను. తప్పు లేదు. మునిసిపాలిటీ కాగితంలో లెక్క సరిపోవడం అంతకు ముందెప్పుడూ చూడలేదు. అప్పుడు భయం వేసింది.

నా కొట్టులో పదకొండుమంది ఆడవాళ్ళు గోతాలు కుడతారు. వాళ్ళకు పెద్ద మస్తాన్‌బీ. చేతిలో దబ్బనం ఆపకుండానే అంతా విన్నది.

"చెత్త లేదని కొట్టు మూస్తారా? ఇదేం చోద్యం! మా ఇంట్లో చెత్త ఉంటే మా అత్త నోరు మూసేది కాదు."

ఆమె మాటకు అందరూ నవ్వారు గానీ నేను నవ్వలేకపోయాను. ముప్ఫై రోజులంటే మార్చి మొదటికి. అప్పటికి మిరపకాయ కళ్ళాల నుంచి లేస్తుంది. ఏడాది పొడుగునా ఏరి, కుట్టించి, దొంతులు పెట్టిన ఇరవై వేల గోతాలు గోడౌన్లో ఉన్నాయి. ఆ నెలన్నరలో అవి అమ్ముడైతేనే నాకు ఏడాది గడుస్తుంది, ఈ పదకొండుమందికి వానాకాలంలో పని ఉంటుంది. ఆ నెలన్నరే తలుపుకు సీలు పడితే రైతు ప్లాస్టిక్ సంచి కొనుక్కుని పోతాడు. ఒకసారి పోయిన రైతు మళ్ళీ నా గుమ్మం తొక్కడు.

మర్నాడు కమిషనర్ సదానందంగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గోడ మీద మా ఊరి చెత్త ఫ్యాక్టరీ బొమ్మ ఉంది. చెత్తను కాల్చి కరెంటు తీసే ఫ్యాక్టరీ. పొగ పైకి పోకుండా అందులోని కార్బన్‌ను పట్టేసే మిషను దాని పక్కనే ఉంటుంది. బొమ్మలో ఆకాశం నీలంగా ఉంది. గొట్టం మీద ఒక పావురం వాలి ఉంది.

"పానకాలుగారూ, మీవంటి బాధ్యతగల వర్తకులు వ్యర్థ ఎగవేతదారుల జాబితాలో ఉండడం పురపాలక సంఘానికి విచారకరం," అన్నారు.

"ఎగవేయలేదండి. నా దగ్గర చెత్త పుట్టదు."

"పుట్టకపోవడమే ఎగవేత," అంటూ గోడ మీది ఫ్యాక్టరీ బొమ్మ చూపించారు. "ఈ వ్యర్థ శక్తి సముదాయానికి రోజుకు వంద టన్నులు సమకూరుస్తామని పాతికేళ్ళ ఒప్పందం చేసుకున్నాం. ఊరు ఇస్తున్నది ముప్ఫై ఒక్క టన్నులు. తక్కిన అరవై తొమ్మిది టన్నులు పౌరుల దగ్గర నిలిచిపోయి ఉన్నాయి."

"మన ఊళ్ళో వంద టన్నులు వస్తుందని ఎవరు చెప్పారండీ?"

"శాస్త్రీయ సర్వే చెప్పింది."

ఆ సర్వే సంగతి ఊరందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట నగరం నుంచి నలుగురు వచ్చారు. మా ఊరి చెత్త తూచడానికి ఒక్కరోజు సరిపోతుందని వాళ్ళకు తెలుసు గనుక, ఎలాగూ వస్తున్నాం కదా అని శివరాత్రి తిరనాళ్ళకు వచ్చారు. గుడి ముందు నిలబెట్టిన ఎత్తైన ప్రభలు చూశారు. దర్శనం చేసుకున్నారు. మర్నాడు పొద్దున్నే చెత్త తూచి పన్నెండు గంటల బస్సు అందుకున్నారు. మూడు జిల్లాల జనం ఆ రాత్రి నమిలి ఊసిన చెరుకుపిప్పి, తిని పారేసిన ఆకులు, తాగి పడేసిన బొండాలు అన్నీ కలిపి సరిగ్గా వంద టన్నులు తూగాయి. దాన్ని మూడువందల అరవై అయిదుతో గుణించి కింద సంతకాలు చేశారు.

"అయ్యా, తిరనాళ్ళ ఏడాదికి ఒక్కసారే కదా?"

"ఆ విషయం సర్వే ఫారంలో అడగలేదు."

"ఇప్పుడు దిద్దించవచ్చు కదండీ."

కమిషనరుగారు నా వైపు జాలిగా చూశారు. "ఒప్పందంలో పడిన సంఖ్య తప్పు కావడానికి వీల్లేదు. తప్పు ఊరిది. ఊరిని సంఖ్య స్థాయికి అభివృద్ధి చేసుకోవాలి."

నేను వర్తకుణ్ణి. వస్తువు సంగతి తేలాక రాబడి అడక్కుండా లేవలేను. "పోనీ, కరెంటు ఎంత వస్తుందండీ?"

"ఉత్పత్తి అయ్యేది పది పాళ్ళు అనుకోండి. చెత్త ఆరబెట్టడానికి నాలుగు పాళ్ళు. కర్బన బంధన విభాగానికి అయిదు పాళ్ళు."

"మిగిలిన ఒక్క పాలు?"

"సముదాయం పేరు రాసిన బోర్డుకు దీపాలు. అసలు లక్ష్యం కరెంటు కాదు, కర్బనం. ఎంత ఎక్కువ కర్బనం పట్టుకుంటే ఆ పట్టణానికి అంత పెద్ద ర్యాంకు."

"అసలు పొగే రాని ఊరికండీ?"

"సున్నా. పట్టుకోవడానికి ఏమీ లేని ఊరు, పట్టుకోవడం చేతకాని ఊరితో సమానం."

ఇంటికొచ్చి బకాయి తీర్చే మార్గం ఆలోచించాను. సరుకు లేనివాడు పక్కవాడి దగ్గర కొంటాడు. బస్టాండు దగ్గర బొండాలమ్మే అబ్బులు దగ్గర రెండువేల రెండువందల ఎనిమిది కిలోల డొక్కలు మాట్లాడి, రెండు ట్రాక్టర్లలో తోలించాను. ఏలియా అవి తూచకుండానే తిప్పి పంపాడు.

"గోతాల లైసెన్సు మీద బొండాలు జమ చెయ్యడానికి లేదు శెట్టిగారూ. ఎవరి చెత్త వాళ్ళ వృత్తిలోనే పుట్టాలంట. సర్క్యులర్ వచ్చింది."

"నా వృత్తిలో పుట్టేది కోళ్ళు తింటాయయ్యా."

"మరి ఆ కోళ్ళ మీద కూడా కంప్లయింట్ ఇవ్వమంటారా?"

ఇవ్వద్దన్నాను. అతను ఇచ్చేవాడే.

నా సంగతి అలా ఉంటే ఊరు తన తంటాలు తాను పడుతోంది. ఇంటికి రోజుకు రెండు కిలోలు. తక్కువైతే కుళాయి కనెక్షన్ కట్. మా ఆవిడ రాజ్యలక్ష్మి వంకాయ తొడిమతో పాటు సగం వంకాయ కూడా కోసి బుట్టలో వేయడం మొదలుపెట్టింది. హోటళ్ళలో ఒక్కొక్కరికి రెండేసి విస్తళ్ళు వేశారు, కింద విస్తరి మునిసిపాలిటీకి. గుమ్మం ముందు పెట్టిన చెత్త డబ్బాలు తెల్లారేసరికి ఖాళీ అవుతుంటే జనం వాటికి తాళాలు వేసుకున్నారు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి తండ్రి, "మాకు రోజుకు అయిదు కిలోలు సునాయాసంగా వస్తుందండి" అని కాలు మీద కాలు వేసుకుని చెప్పాడట. కొందరు బరువు కోసం చెత్త మీద నాలుగు బిందెలు నీళ్ళు కుమ్మరించారు. తడిచెత్త మండక ఫ్యాక్టరీవాళ్ళు దాన్ని ఆరబెట్టడానికి డీజిలు తగలేశారు. ఆ డీజిలు పొగను కూడా పట్టుకున్నామని మార్కుల్లో కలిపేసుకున్నారు.

ఇన్ని చేసినా నలభై నాలుగు టన్నులు దాటలేదు. ఫిబ్రవరిలో కమిషనరుగారు మూలంలోకి వెళ్ళి ఆలోచించారు. సర్వే తప్పు కాదు. సర్వే నాడు తిరనాళ్ళ జరిగింది. ఇప్పుడు జరగడం లేదు. కనుక లోపం తిరనాళ్ళదే. పదో తేదీ నుంచి పేరంపాడులో ప్రతిరోజూ తిరనాళ్ళ జరుగుతుందని మైకులో చాటించారు.

మొదటి మూడు రోజులు బాగానే నడిచింది. ప్రభలు కట్టారు, రంగులరాట్నం వచ్చింది, జీళ్ళ కొట్లు పెట్టారు. నాలుగోనాటికి జనం పల్చబడ్డారు. వారానికి రంగులరాట్నంలో దాన్ని తిప్పేవాడొక్కడే కూర్చున్నాడు. తిరనాళ్ళ చెత్తలో సగం చెరుకుపిప్పే గనుక, జనం రాని లోటు సిబ్బంది తీర్చాలని ఆర్డరు వేశారు. మునిసిపాలిటీలో ప్రతి ఉద్యోగికీ రోజుకు పదిహేను గడలు నమిలే డ్యూటీ పడింది.

ఏలియా ఒకరోజు దవడకు తువ్వాలు కట్టుకుని వచ్చాడు.

"టీ తాగవయ్యా," అన్నాను.

"పంచదార వద్దు శెట్టిగారూ. దాని పేరెత్తకండి. నిన్న పన్నెండు గడలే నమిలానని మెమో ఇచ్చారు. ట్యాక్స్ సెక్షన్లో గుమాస్తాకి కట్టుడు పళ్ళు. ఆయనకి మినహాయింపు. పెట్టి పుట్టాడు."

మస్తాన్‌బీ లోపలి నుంచి, "తీసుకునే జీతానికి ఇన్నాళ్ళకి నోరు నెప్పి పుట్టేలా పని చేస్తున్నావులే ఏలియా," అంది.

మార్చి మొదటి తేదీన అసలు పరీక్ష పెట్టారు. పై నుంచి నిపుణుల బృందం వస్తుంది. వాళ్ళ ఎదుట ఫ్యాక్టరీ ఇరవై నాలుగు గంటలు ఆగకుండా వంద టన్నులు కాల్చాలి, పొగ పట్టాలి. నా ముప్ఫై రోజుల గడువు కూడా ఆ రోజే తీరింది.

ఊరు ఊడ్చి, తిరనాళ్ళ నమిలి, పాత స్కూలు బెంచీలు, ఆఫీసు ఫైళ్ళు, కూలిన షెడ్లు అన్నీ కలిపితే ఎనభై టన్నులు. పొద్దున తొమ్మిదింటికి కమిషనరుగారే స్వయంగా నా కొట్టుకు వచ్చారు. వెనక మూడు లారీలు, సీలు వేసే సామగ్రితో ఏలియా.

ఆయన గోడౌన్లోకి చూశారు. ఇరవై వేల గోతాలు, గోతాం ఒక కిలో. ఆయన మొహంలో ఇరవై టన్నులు కనబడ్డాయి.

"నిబంధనల ప్రకారం ఒకసారి వాడిన వస్తువు వ్యర్థం," అన్నారు. "మీరు ఇరవై టన్నుల వ్యర్థాన్ని అక్రమంగా నిల్వ చేశారు. ఎక్కించండి."

మస్తాన్‌బీ లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె వెనక తక్కిన పదిమంది. లారీల కూలీలు వాళ్ళ చేతుల్లోని దబ్బనాల వైపు చూసి ఆగారు. కొట్లాటలో నష్టం ఎప్పుడూ సరుకున్నవాడికే. అందుకని నేను ముందుకొచ్చాను.

"అయ్యా, తీసుకెళ్ళండి. ఒక్క లెక్క చెప్పి తీసుకెళ్ళండి. వీటిని కాలిస్తే వచ్చే పొగలో మీ మిషను ఎంత పడుతుంది?"

"డిజైను ప్రకారం నూటికి డెబ్బై పాళ్ళు."

"ముప్ఫై పాళ్ళు గాల్లో కలిసిపోతాయా?"

"అనుమతించదగిన నష్టం."

"మా బజార్లో ముప్ఫై పాళ్ళ నష్టాన్ని దివాలా అంటారండి. జనుము మొక్క గాలిలో కార్బన్ పీల్చుకుని పెరుగుతుందని మా అమ్మాయి స్కూలు పుస్తకంలో ఉంది. అంటే ఆ కార్బన్ ఇప్పటికే ఈ గోతాల్లో పట్టుబడి ఉంది. చేతిలో ఉన్న దొంగలు పదిమందినీ వదిలేసి, వెంటపడి పరిగెత్తి, ఏడుగురిని పట్టుకున్నామంటే మార్కులు ఎవరు వేస్తారండీ? కాల్చకుండా ఉంచితే నూటికి నూరు."

కమిషనరుగారు కళ్ళజోడు తీశారు. తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈ పద్ధతికి విద్యుత్తు ఎంత అవసరం?"

"ఒక బల్బు. అదీ మస్తాన్‌బీ దబ్బనంలో పురికొస ఎక్కించేటప్పుడు."

"దహనపూర్వ కర్బన బంధనం," అన్నారాయన నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. పేరు దొరికాక ఇక ఆయనను ఎవరూ ఆపలేకపోయారు. ఫ్యాక్టరీ కాల్చేది కార్బన్ పట్టుకోవడానికే. కాల్చకుండానే పట్టుబడి ఉంటే ఇక కాల్చడం దేనికి? లారీలు ఖాళీగా వెనక్కి పోయాయి. ఫ్యాక్టరీకి "అత్యవసర నిల్వ సామర్థ్యం" అని పేరు మార్చి తలుపు వేశారు. తిరనాళ్ళ ఆపేశారు. దానితో పాటే నా చెత్త బకాయీ కొట్టేశారు. ఏలియా ఆ సాయంత్రం కారపు మిరపకాయ బజ్జీలు తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అయితే కమిషనరుగారు దేన్నీ సగంలో వదిలే మనిషి కాదు. మర్నాడు పొద్దున నేను కొట్టు తీయడానికి వెళ్ళేసరికి గోడౌన్ తాళం మీద లక్క సీలు ఉంది. పైన బోర్డు. "పురపాలక కర్బన నిల్వ కేంద్రం. లోపలి నిల్వ నూరు సంవత్సరముల వరకు తగ్గరాదు."

పదకొండుమంది మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా మిరప రైతుల బళ్ళు నాలుగు ఆగి ఉన్నాయి.

"మంచి పని చేశారు శెట్టిగారూ," అంది మస్తాన్‌బీ. "కాలిస్తే ఒక్కరోజు ఏడ్చి ఊరుకునేవాళ్ళం. ఇప్పుడు నూరేళ్ళు ఏడవాలి."

నేను ఆ బోర్డును మూడుసార్లు చదివాను. కొనేవాడైనా అమ్మేవాడైనా కాగితంలో ఉన్నది చదువుతాడు. లేనిది ఏమిటో చూసేవాడే బతుకుతాడు. తిన్నగా ఆఫీసుకు వెళ్ళాను.

"అయ్యా, తగ్గకూడనిది గోతాలా, బరువా?"

"నిల్వ. అంటే పరిమాణం. అంటే బరువు."

"పది కిలోలు లోపలికి తెచ్చి పది కిలోలు బయటికి తీస్తే?"

ఆయన ఆర్డరు కాపీ తీసి చూశారు. "సంఖ్యకు లోటు రానంతవరకు పాలనాపరమైన అభ్యంతరం లేదు."

సీలు విప్పారు. ఏలియాను కాటా ఇచ్చి గుమ్మంలో కూర్చోబెట్టారు. రైతుకు పది మంచి గోతాలు ఇవ్వాలంటే ఎక్కడిదో పది చిరిగినవి లోపలికి రావాలి. ఊళ్ళో ఇంటింటి అటకల మీద మూలుగుతున్న పాత గోతాలన్నీ నేను కబురు చేయకుండానే కొట్టుకు చేరాయి. చిరిగినవి వచ్చాయి, కుట్టినవి పోయాయి. అంటే ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఏం చేస్తున్నానో అదే చేశాను. ఇదివరకు లైసెన్సు నేను కట్టి చేసేవాణ్ణి. ఇప్పుడు మునిసిపాలిటీ కాపలా పెట్టి చేయించింది.

కాల్చే పరీక్ష రద్దు కావడంతో ఒకటో తేదీన రాని నిపుణుల బృందం మార్చి నడుమ వచ్చింది. కోట్లు వేసుకున్న ముగ్గురు గోడౌనంతా తిరిగి, గోడలకు ఏవో మీటర్లు ఆనించి చూశారు. కార్బన్ ఎక్కడా బయటికి రావడం లేదని తేల్చుకున్నారు. వెళ్ళబోతూ పెద్దాయన మస్తాన్‌బీ దగ్గర ఆగాడు. ఆమె ఒళ్ళో ఉన్న గోతానికి మాసిక వేస్తోంది.

"ఈమె ఏం చేస్తోంది?"

కమిషనరుగారు నా వైపు చూశారు. నేను కాటా వైపు చూశాను. ఏలియా గొంతు సవరించుకున్నాడు.

"కార్బన్ కారిపోకుండా కుడుతోంది సార్."

పెద్దాయన వంగి, మాసికను కొనగోటితో తడిమి, "ఎంతవరకు ఆగుతుంది?" అని అడిగాడు.

"కుట్టు దగ్గరగా పడితే ఏదీ పోదు బాబూ," అంది మస్తాన్‌బీ తల ఎత్తకుండా. ఆయన అది రాసుకున్నాడు.

మా ఊరికి మొదటి ర్యాంకు వచ్చింది. మాసిక ద్వారా కర్బన నష్ట నివారణ అని అన్ని పట్టణాలకూ ఆదేశాలు వెళ్ళాయి. ప్రతి పట్టణమూ వచ్చే ఉగాదిలోగా కనీసం అయిదు వేల మాసికలు చూపించాలి. మాసిక వేయాలంటే చిరిగిన గోతాం కావాలి. చుట్టుపక్కల ఊళ్ళలో చిరిగినవన్నీ కూడా అప్పటికే నా దగ్గరికి చేరిపోయాయి.

మొన్న పక్క పట్టణం నుంచి ఒక లారీ వచ్చింది. దాన్నిండా కొత్త గోతాలు, ఇంకా నూనె వాసన పోనివి. వెంట ఒక ఆర్డరు. "వీటిని చించి, మాసికలు వేసి పంపగలరు."

మస్తాన్‌బీ ఒకటి తీసి, చేత్తో నిమిరి, వెలుతురుకు పట్టుకుని చూసింది. కత్తెర అందుకుంది. మళ్ళీ కింద పెట్టింది.

"దీన్ని చించాలంటే నాకు చేతులు రావట్లేదు శెట్టిగారూ."

నాకూ నోరు రాలేదు. చించమని చెబితే పదకొండుమందికి వానాకాలం వెళ్ళే దాకా పని ఉంటుంది. ఆ లెక్క నాకు తెలుసు. అయినా చెప్పలేకపోయాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో లెక్క తెలిసి కూడా నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

ఆమె ముక్కల బుట్టలోంచి జానెడు మాసిక తీసి, చిల్లి లేని ఆ కొత్త గోతాం మీదే పెట్టి చుట్టూ కుట్టేసింది. కొరికి పురికొస తెంపింది.

"ఏలియా, మీ వాళ్ళు వచ్చి చూసేది చిల్లినా, మాసికనా?"

"మాసికే మస్తాన్‌బీ. చిల్లికి కాలమ్ లేదు."

గోతాన్ని కాటా మీద వేశాడు. మాసిక బరువు కార్బన్ కింద అదనంగా రాసుకున్నాడు. "తర్వాతది వెయ్యి," అన్నాడు.